తాయ్ చీ: పార్కులో చూసినది, ఫోనులో చూసినది

ప్రశ్న: హాంకాంగ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాము. ఒక ఆదివారం కౌలూన్ పార్కులో తాయ్ చీ ప్రదర్శన జరిగింది. మొదట ఇరవై మంది పెద్దవాళ్లు నడుములోతు నీళ్లలో ఉన్నట్టు మెల్లగా కదిలారు. తరువాత ఒక వృద్ధ గురువు చేత్తో ఊరికే తాకితే చాలు, శిష్యులు నాలుగడుగుల దూరం వెళ్లి పడ్డారు. ఇంటికి వచ్చాక మావారు ఫోనులో మరో వీడియో చూపించారు. అందులో తాయ్ చీ గురువొకరు కొన్ని సెకన్లలోనే దెబ్బలు తిని కూలిపోయారు. ఇది వ్యాయామమా, యుద్ధవిద్యా, కనికట్టా? నాకు అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేను నేర్చుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పార్కులో మీరు చూసినవి రెండు వేర్వేరు విషయాలు, మీవారి ఫోనులో ఉన్నది మూడవది. మూడింటికీ ఒకే పేరు ఉండటం వల్లనే ఈ చిక్కు వచ్చింది.

ఈ విద్య పూర్తి పేరు తాయ్ చీ చువాన్. చువాన్ అంటే పిడికిలి, అంటే పుట్టుకతో ఇది సామే. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశీయుల గ్రామమైన చెన్‌జియాగౌలో యాంగ్ లూచాన్ అనే ఆయన దీనిని నేర్చుకుని, పందొమ్మిదవ శతాబ్దంలో బీజింగ్‌కు తీసుకువెళ్లి నేర్పారు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) కాలానికి కదలికలు విశాలంగా, ఒకే వేగంతో సాగేవిగా స్థిరపడ్డాయి. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం ఆ పద్ధతి నుంచే ఇరవై నాలుగు కదలికలను ఏరి, అయిదారు నిమిషాల్లో ముగిసే వరుసను జనం కోసం తయారు చేయించింది. పార్కుల్లో ఎక్కువగా కనిపించేది అదే కనుక, మీరు చూసినది కూడా బహుశా అదే అయి ఉంటుంది.

అందులోని కదలికల పేర్లు వింటే నాట్యమే అనిపిస్తుంది: తెల్ల కొంగ రెక్కలు చాచడం, అడవి గుర్రం జూలును పాయలు తీయడం, మబ్బుల్లా చేతులు తిప్పడం. అయితే ఆ వరుసలోనే ఎదుటివాడి రెండు చెవుల మీద రెండు పిడికిళ్లతో ఒకేసారి కొట్టే దెబ్బ కూడా ఉంది. నెమ్మదిగా చేస్తున్నప్పుడు అది పెద్ద కుండను రెండు చేతులతో పట్టుకోబోతున్నట్టు ఉంటుంది. ఈసారి చూసే అవకాశం వస్తే చేతులను వదిలి పాదాలను చూడండి. బరువంతా ఒక కాలి మీదికి పూర్తిగా చేరిన తరువాతనే రెండవ పాదం లేస్తున్నదా, తల ఎత్తు మారకుండా సాగుతున్నదా, ముందు నడుము తిరిగి దాని వెనుక చేయి వస్తున్నదా అన్నవి గమనిస్తే, చేసేవారి అనుభవం అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక శిష్యులు ఎగిరిపడిన సంగతి. తాయ్ చీలో ఇద్దరు ముంజేతులు ఆనించి నిలబడి, ఎదుటివారి తూకం ఎటు ఒరుగుతున్నదో స్పర్శతోనే పసిగట్టి, ఆ క్షణంలో నెట్టే సాధన ఒకటి ఉంది. మూసి ఉందనుకుని తలుపును భుజంతో తోస్తే అది గడియ లేనిదై మనమే ముందుకు తూలిపడిన అనుభవం అందరికీ ఉంటుంది. నేర్పరి చేతిలో ఎదుటివాడి పని అలాగే అవుతుంది. అంతవరకు నిజమే. కానీ ఏళ్ల తరబడి ఒకే గురువు దగ్గర ఉన్న శిష్యుడికి, ఆ చేయి తగలగానే రెండు కాళ్ల మీద గెంతుతూ వెనక్కి పోవడం అలవాటై ఉంటుంది. అందులో దెబ్బను తప్పించుకునే జాగ్రత్త కొంత, గురుభక్తి కొంత. దాన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు, అయితే శక్తికి రుజువుగా కూడా ఒప్పుకోలేను. తాకకుండానే మనిషిని పడగొడుతుంటే మాత్రం అది నిస్సందేహంగా కనికట్టే. పరీక్ష ఒక్కటే: నెట్టించుకుంటున్న మనిషి ఆ గురువుకు కొత్తవాడా, నిజంగా నిలదొక్కుకోవడానికి ప్రయత్నిస్తున్నాడా?

అలాంటి పరీక్ష బహిరంగంగా జరిగిన సందర్భాల్లో 1954 జనవరి 17న మకావ్‌లో జరిగిన పోటీ అన్నింటికన్నా ప్రసిద్ధమైనది. వూ వంశపు తాయ్ చీకి పెద్ద అయిన వూ కుంగ్‌యీ యాభై మూడేళ్ల వయసులో, తనకన్నా ఎంతో చిన్నవాడైన ‘తెల్ల కొంగ’ అనే మరో యుద్ధవిద్యా పద్ధతి గురువు చాన్ హక్‌ఫూతో తలపడ్డారు. అంతకు మూడు వారాల ముందు, క్రిస్మస్ రాత్రి, హాంకాంగ్‌లోని షెక్ కిప్ మేలో గుడిసెలు తగలబడి యాభై వేల మందికి పైగా నిలువ నీడ కోల్పోయారు. పోటీ ద్వారా వచ్చిన విరాళాల్లో వారికి కూడా భాగం ఉంది. చాన్ ముక్కు నుంచి రక్తం కారింది, రెండవ రౌండులోనే నిర్వాహకులు పోటీని ఆపివేసి, గెలుపు లేదు, ఓటమి లేదు, సమానమూ కాదు అని విచిత్రమైన తీర్పు చెప్పారు. ఆ పోటీ చలనచిత్రం ఇప్పటికీ దొరుకుతుంది. అందులో కొంగా లేదు, మబ్బూ లేదు. ఇద్దరు మనుషులు హడావిడిగా చేతులు విసురుకోవడమే కనిపిస్తుంది. జనంలో పుట్టిన ఉత్సాహాన్ని చూసి ఒక హాంకాంగ్ పత్రిక మూడు రోజుల్లోనే లియాంగ్ యూషెంగ్ అనే రచయిత చేత యుద్ధవిద్యల సీరియల్ మొదలుపెట్టించిందనేది దీనికి కొసమెరుపు.

మీవారు చూపించినది బహుశా 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో జరిగినది. షు షియావోదోంగ్ అనే మిశ్రమ యుద్ధక్రీడల (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన ఎంఎంఏ) యోధుడు వెయ్ లెయ్ అనే తాయ్ చీ గురువును అర నిమిషం కూడా గడవకముందే పడగొట్టాడు. ఎదురు దెబ్బలు తింటూ సాధన చేయనివాడు పోరులో నిలబడలేడని అది నిరూపించింది. మీ మోకాళ్ల విషయంలో అది చెప్పేదేమీ లేదు.

మోకాళ్ల సంగతి వైద్యులు వేరుగానే పరీక్షించారు. మోకాలి కీళ్ల అరుగుదల ఉన్న 204 మందిపై అమెరికాలో జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. పన్నెండు వారాల తరువాత చూస్తే, తాయ్ చీ చేసినవారికి ఫిజియోథెరపీ తీసుకున్నవారితో సమానంగానే ఉపశమనం కలిగింది. డెబ్బై ఏళ్లు దాటి, పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న 670 మందిపై జరిపి 2018లో ప్రకటించిన మరో అధ్యయనంలో, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారికన్నా తాయ్ చీ ఆధారంగా రూపొందించిన వ్యాయామం చేసినవారు కింద పడటం 58 శాతం తక్కువగా ఉంది. కనుక మీరు నిస్సంకోచంగా నేర్చుకోవచ్చు, కాకపోతే ముందుగా ఎముకల వైద్యుణ్ణి ఒకసారి అడగండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల వైపే ఉండాలి, బరువు మోపిన కాలిని మోకాలి దగ్గర మెలిపెట్టకూడదు, నొప్పి పుట్టేంత కిందికి వంగకూడదు. మొదటి రోజే లోతుగా కూర్చోమనే గురువు దగ్గర చేరకండి.

ప్రశ్న: ఆసియా క్రీడల్లో తాయ్ చీకి పతకాలు ఇస్తారు కదా. ఎదురుగా ప్రత్యర్థి లేనప్పుడు విజేతను ఎలా నిర్ణయిస్తారు?
– ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: 1990 బీజింగ్ క్రీడల్లో వుషూ (చైనా యుద్ధవిద్యల క్రీడ) లో భాగంగా తాయ్ చీ కూడా పతకాల జాబితాలో చేరింది. జిమ్నాస్టిక్స్‌లో లాగానే ఒక్కొక్కరూ విడివిడిగా చేస్తారు, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. మొత్తం పది మార్కుల్లో కదలికల నాణ్యతకు అయిదు, ప్రదర్శన మొత్తం తీరుకు మూడు, కష్టమైన విన్యాసాలకు రెండు. ఈ చివరి రెండు మార్కుల కోసమే క్రీడాకారులు గాలిలోకి ఎగిరి, తిరిగి, ఒంటికాలి మీద దిగుతారు. పార్కులో తాతగారు చేసే తాయ్ చీలో ఆ ఎగురుడు ఉండదు. పోటీలో మాత్రం దిగిన పాదం కాస్త తూలినా మార్కులు పోతాయి.