ట్రీట్ ఎక్కడున్నా పట్టేసే కుక్క, తాళాలు వెతకమంటే నా ముఖం ఎందుకు చూస్తుంది?

మీరు అడిగింది ఇదీ: రెండేళ్ల కుక్క, ట్రీట్ ఎక్కడ దాచినా నిమిషంలో పట్టేస్తుంది. తాళాలు దాచి ‘వెతుకు’ అంటే మాత్రం మీ ముఖం చూస్తూ నిలబడుతుంది. ముక్కులో ఏదైనా లోపం ఉందా అని మీ సందేహం.

లోపమేమీ లేదు. ట్రీట్ విషయంలో ఏం వెతకాలో, ఎందుకు వెతకాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. తాళాల విషయంలో ఆ రెండూ తెలియవు. గదిలో జవాబు తెలిసినవాళ్లు ఎవరా అని చూసింది, మీరు కనిపించారు. నిజానికి తెలివైన పనే చేసింది.

మా చిట్టి కూడా మొదట్లో ఇలాగే నిలబడేది. ఇప్పుడు తాళాలు, కళ్లజోడు పెట్టె వెతికి చూపిస్తుంది. టీవీ రిమోట్ దగ్గర మాత్రం ఇంకా తికమక పడుతుంది. రిమోట్‌ని ఇంట్లో అందరూ పట్టుకుంటారు, సోఫాలో కూడా అందరి వాసనా ఉంటుంది. రెండిటికీ పెద్ద తేడా లేకపోతే పాపం అదేం చేస్తుంది? అందుకే వస్తువుకి తనదంటూ ఒక వాసన ఉండేలా చూడండి. తాళాల గుత్తికి చిన్న తోలు ముక్కో, మందపాటి గుడ్డ ముక్కో కట్టండి. ఉత్త ఇనుము కన్నా తోలు, గుడ్డ వాసనను బాగా పట్టి ఉంచుతాయి. నోట్లో పెట్టుకోవాల్సి వచ్చినా కుక్కకి అదే హాయి.

ముక్కు సంగతికొస్తే, మనిషిలో వాసన పసిగట్టే గ్రాహకాలు 50-60 లక్షలుంటే, కుక్కలో 20 కోట్లకు పైనే ఉంటాయని లెక్క. వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదు సార్ల వరకూ చిన్న చిన్నగా పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి వెనక్కి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదరదు. అంటే పసిగట్టడం మనం నేర్పేది కాదు. ‘ఈ వాసనకి విలువ ఉంది, దొరికితే నాకు చెప్పు’ అన్న ఒప్పందం కుదుర్చుకోవడమే మన పని.

ఆ ఒప్పందం దాచడంతో మొదలుపెట్టకండి. తాళాల గుత్తిని అరచేతిలో పెట్టుకుని దాని ముందు చాపండి. కుతూహలం కొద్దీ ముక్కు పెట్టి చూస్తుంది. ముక్కు తగిలిన ఆ క్షణంలోనే ‘శభాష్’ అనండి, వెంటనే ట్రీట్ ఇవ్వండి. క్లిక్కర్ (నొక్కితే ‘టిక్’మనే చిన్న శిక్షణ పరికరం) అలవాటుంటే అదే వాడండి. ట్రీట్ మీ జేబు దగ్గర కాకుండా గుత్తికి ఆనించి ఇవ్వాలి. మనిషి దగ్గర తిన్న కుక్క మనిషి వైపు చూడటం నేర్చుకుంటుంది, వస్తువు దగ్గర తిన్నది వస్తువు వైపు పోతుంది. మీ వాడు మీ ముఖం చూడటానికి సగం కారణం ఇదే అయి ఉండొచ్చు. ఈ దశలో ‘వెతుకు’ అనే మాట అసలు వాడొద్దు. ఏం చేయాలో తెలియని కుక్కకు ఆ మాట ఉత్త చప్పుడు.

గుత్తి కనిపించగానే ముక్కు పెట్టడం అలవాటయ్యాక, ఒకేలాంటి అట్టపెట్టెలు కొన్ని మూతలు తీసి నేలమీద పరచండి. ఒక దాంట్లో గుత్తి పెట్టి కుక్కని వదిలేయండి. తల దూర్చి గుత్తి ఉన్న పెట్టె దగ్గర ఆగగానే ట్రీట్ ఆ పెట్టెలోనే వేయండి. తర్వాత పెట్టెల వరస మార్చండి, గుత్తిని మాత్రం ఎప్పుడూ అదే పెట్టెలో ఉంచండి. దాని అడుగున ఒక గుర్తు పెట్టుకోండి. గుత్తిని ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుస్తూ పోతే పాత పెట్టెల్లో కూడా వాసన మిగులుతుంది. కుక్క అక్కడ ఆగితే ‘తప్పు’ అంటాం కానీ, దాని ముక్కు చెప్పింది నిజమే. కుక్క తనంతట తానే పెట్టెల వైపు ఉరుకుతున్నప్పుడు, వదిలే ముందు ‘వెతుకు’ అనడం మొదలుపెట్టండి.

ఆ తర్వాత పెట్టెలు తీసేసి అదే గదిలో ముక్కు ఎత్తులో దాచండి: కుర్చీ కాలి పక్కన, తలుపు మూల, దిండు కింద. బాగా పైన, అల్మరా లోపల లాంటివి చాలా తర్వాత. దాచే ముందు గదంతా ఒకసారి తిరిగి నాలుగైదు చోట్ల చెయ్యి పెట్టి రండి. లేకపోతే కుక్క గుత్తిని మానేసి మీ అడుగుల వాసన పట్టుకుని పోతుంది, మీకేమో అద్భుతంగా వెతికినట్టు కనిపిస్తుంది. దాచిన వెంటనే వదలకుండా పది నిమిషాలో పావుగంటో ఆగితే ఇంకా మంచిది. వాసన గాల్లోకి వ్యాపించడానికి కొంత సమయం కావాలి.

గాలి గురించి కాస్త ఆలోచిస్తే కుక్క చేసే చాలా వింత పనులకు అర్థం తెలుస్తుంది. వాసన పొగలాగే ఒక చోట సన్నగా మొదలై, గాలి వెళ్లే వైపు వెడల్పవుతూ పోతుంది. కుక్క అడ్డంగా ముక్కు ఊపుకుంటూ పోయి ఆ పాయను తాకగానే ఠక్కున తల తిప్పుతుంది. ఆ తల తిప్పడం గమనించడం నేర్చుకుంటే మీకు సగం విద్య వచ్చినట్టే. ఫ్యాన్ తిరుగుతున్నా, కిటికీ తెరిచి ఉన్నా వాసన ఎదుటి గోడకు కొట్టుకుని అక్కడి మూలలో పోగవుతుంది. మా చిట్టి ఒకసారి ఏమీ లేని మూలలో పట్టు వదలకుండా తిరుగుతుంటే నాకు విసుగొచ్చింది. ఫ్యాన్ ఆపి చూస్తే, కాసేపటికి అక్కడి నుంచి వెనక్కి వచ్చి, గదికి అటు చివరున్న బీరువా పక్కన ఆగింది. గుత్తి అక్కడే ఉంది. అందుకే మొదట్లో ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి. అలవాటయ్యాక వేసి చూడండి, చూడ్డానికే ఎంత ముచ్చటగా ఉంటుందో.

ఇక మీ అసలు సమస్య, ముఖం చూడటం. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పట్టే శిక్షణ పొందిన 18 కుక్కలను, వాటి హ్యాండ్లర్లను (కుక్కను వెంట ఉండి నడిపించేవాళ్లను) తీసుకొచ్చి, ఎక్కడా ఏమీ దాచని గదుల్లో వెతికించారు. వాసన ఉండొచ్చని, కొన్నిచోట్ల ఎర్ర కాగితం దాని గుర్తు అని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. ఏమీ లేకపోయినా చాలాసార్లు ‘కుక్క పట్టింది’ అని హ్యాండ్లర్లు చెప్పారు, అది కూడా ఎర్ర కాగితం ఉన్నచోటే ఎక్కువ. వృత్తిగా చేసేవాళ్ల సంగతే అలా ఉంటే మన సంగతి చెప్పాలా? దాచిన చోటికి కుక్క దగ్గరపడగానే మన నడక ఆగుతుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది, ఊపిరి బిగబట్టేస్తాం. కుక్కకు అంతకన్నా సూచన అక్కర్లేదు.

కాబట్టి కుక్క మీ వైపు చూసినప్పుడు మీరు కిటికీలోంచి బయటికి చూడండి. చేతులు వెనక్కి పెట్టుకుని నెమ్మదిగా నడుస్తూనే ఉండండి, మాట్లాడొద్దు. ‘వెతుకు, వెతుకు’ అని జపం చేస్తే అది పని మానేసి మీ గొంతు వింటుంది. మరీ ఎక్కువసేపు తికమక పడితే దాచిన చోటు కష్టమైందని అర్థం. సాయం చేయకుండా ఆట ఆపేసి, తర్వాతి సారి తేలికైన చోట దాచండి. కొంచెం కుదురుకున్నాక ఇంట్లో ఇంకొకరితో దాయించండి, ఎక్కడో మీరు కూడా తెలుసుకోవద్దు. దాచినవాళ్లు కుక్కకు కనబడకుండా తలుపు బయట ఉండి, మీరు ‘దొరికిందా?’ అంటే అవునో కాదో చెప్తే చాలు. నా మటుకు మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మీకు జవాబు తెలియని గదిలోనే కుక్క మిమ్మల్ని అడగడం మానేసి ముక్కును నమ్ముకుంటుంది.

దొరికిందని ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం. కళ్లజోడు, ఫోన్ లాంటివి నోట కరిచి తేవడం నేర్పకండి, పళ్లగాట్లు పడతాయి. చిట్టి వస్తువు దగ్గర ముక్కు పెట్టి కదలకుండా ఉంటుంది. ముక్కు తగలగానే ట్రీట్ ఇవ్వకుండా ఒక క్షణం ఆగి ఇవ్వడం, తర్వాత ఇంకాస్త ఆగడం, అంతే. తప్పు చోట ఆగితే తిట్టొద్దు, ఏమీ అనకుండా ముందుకు నడవండి.

లవంగం, సోంపు నూనెలతో నేర్పుతారట కదా అని కూడా అడిగారు. అది పోటీలకు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2017లో మొదలుపెట్టిన సెంట్ వర్క్ (దాచిన వాసనను కుక్క పట్టే) పోటీల్లో సోంపు, లవంగం నూనెలు, బర్చ్, సైప్రస్ అనే చెట్ల నూనెలు వాడతారు. ఇంట్లో ఆటకు అవి అవసరం లేదు. సరదాపడితే నూనె చుక్కను దూది పుల్లకు అద్ది, చిల్లులున్న చిన్న రేకు డబ్బాలో మూసి ఉంచండి. నేలమీద గానీ కుక్క ఒంటిమీద గానీ పడనివ్వొద్దు. ముఖ్యంగా బర్చ్ నూనెలో మిథైల్ శాలిసిలేట్ అనే రసాయనం ఉంటుంది, నాకితే ప్రమాదం.

ఆట చిన్నదిగా ఉంచండి, ఇంకా కావాలని అడుగుతుండగానే ఆపేయండి. నోరు తెరిచి రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన చూడలేదు, కాబట్టి ఎండలో తిరిగొచ్చిన వెంటనే వద్దు. మీ వాడు కొత్త మనుషుల్ని చూస్తే బెదురుతాడని రాశారు కదా, ఈ ఆట దానికి కూడా పనికిరావచ్చు. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో షార్లెట్ దురాంతోన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకులు పెంపుడు కుక్కల్ని రెండు గుంపులు చేసి, రెండు వారాల పాటు ఒక గుంపుతో వాసన ఆటలు, రెండో గుంపుతో యజమాని పక్కనే నడిచే సాధన చేయించారు. తిండి ఉందో లేదో తెలియని చోట పెట్టిన గిన్నె వైపు వాసన ఆటలాడిన కుక్కలు మునుపటికన్నా తొందరగా వెళ్లాయి, నడక నేర్చినవాటిలో ఆ మార్పు రాలేదు. అంటే తెలియని చోట కూడా మంచే జరుగుతుందన్న ఆశ పెరిగిందన్నమాట. చిట్టి పిరికితనం పూర్తిగా పోయిందని అనను గానీ, కొత్త గదిలోకి వెళ్తే ఇప్పుడు గోడవార నక్కకుండా ముక్కు పైకెత్తి తిరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. తాళాలు నిజంగానే పోయిన రోజున అవి అసలు ఇంట్లోనే ఉండకపోవచ్చు. ఎంత వెతికినా దొరక్కపోతే కుక్కకు ఆట మీద నమ్మకం పోతుంది. అందుకని గుత్తికి కట్టిన తోలు ముక్క లాంటిదే ఇంకొకటి ముందే చేసి, రెండిటితోనూ నేర్పి, ఆ రెండో ముక్కను విడిగా దాచి ఉంచుకోండి. రెండు మూడు గదులు తిరిగినా ఫలితం లేకపోతే దాన్ని తేలికైన చోట పెట్టి కనుక్కోనివ్వండి, ట్రీట్ ఇచ్చి పంపేయండి. ఆ తర్వాత మీ ప్యాంటు జేబులు మీరే వెతుక్కోండి.