సింధూ, ఆ బాల్కనీ వైరు మాత్రం వద్దు

చిరంజీవి సౌభాగ్యవతి సింధుకి మావయ్య దీవించి రాసేది.

మీరు కరెంటు కారు కొంటున్నారని ఆదివారం మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రిక్షా ఎక్కిస్తే, తొక్కే తాతకి కాళ్ళు నొప్పెడతాయని సగం దారిలో దిగి నడిచిన పిల్లవి నువ్వు. పొగ రాని బండి కావాలని నీకే తోచి ఉంటుంది. ఆ సంతోషంలో మీ అత్తతో రెండోసారి కాఫీ పెట్టించుకున్నాను. తాగుతూ నీకు ఫోన్ చేశాను కదా, పార్కింగ్‌లో పాయింటుకి అసోసియేషన్ వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదని, అందాకా ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీలోంచి వైరు దింపి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జింగ్ పెట్టుకుంటామని అన్నావు. ఆ కాఫీ సగంలోనే వదిలేశాను. ఫోన్లో అరిచినందుకు ఏమీ అనుకోకు.

ఏ కంపెనీది, ఏ రంగు అని నన్నడక్కు. బ్యాటరీ వారంటీ కాగితం మాత్రం పూర్తిగా చదువు, సాధారణంగా 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తారు. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్ ట్యాక్స్ లేదన్న సంగతి షోరూమ్ వాళ్ళే పదిసార్లు చెప్తారు. చిన్న బండి చూడండి. ఇద్దరికి ఏడు సీట్లు దేనికి?

లెక్కల మాష్టారిని కాబట్టి ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ పాత కారు ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుతుందన్నావు. లీటరుకి 15 వేసుకున్నా 1,200 కిలోలు దాటుతుంది. కరెంటు కారు యూనిట్‌కి 7 కిలోమీటర్లు నడిస్తే 1,140 యూనిట్లు కావాలి. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. యూనిట్‌కి సగటున 0.7 కిలో చొప్పున 800 కిలోలు. మీ వీధిలో రాని పొగ ఏ కొత్తగూడెం చిమ్నీలోంచో పోతుందన్నమాట. తేడా ఏడాదికి 400 కిలోలు. బ్యాటరీ తయారీలో వెలువడేది టన్నుల్లో ఉంటుంది, మీ తిరుగుడికి ఆ బాకీ తీరడానికే కొన్నేళ్ళు పడుతుంది. మీరు అమ్మేసే పాత కారేమో ఇంకొకరి చేతిలో తిరుగుతూనే ఉంటుంది. రోజూ 60 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే నేనే వెంటనే కొనమంటాను. మిమ్మల్నీ కొనొద్దనడం లేదు. బస్టాపులో నిలబడ్డవాళ్ళ మొహాన పొగ కొట్టకపోవడం తక్కువ విషయమేం కాదు. పాతది ఇంకో రెండేళ్ళు నడిపినా తప్పు చేసినట్టు కాదని మాత్రం చెప్తున్నాను. అల్లుడుగారితో కూర్చుని ఈ లెక్క మళ్ళీ వెయ్యి.

ఇక, ఎందుకు అరిచానో.

మన మారుతి వ్యాను గుర్తుందా, తెల్లది? సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పెట్రోలు ఖర్చు భరించలేక 2001లో దానికి గ్యాస్ కిట్టు వేయించాను. వెనక సీటు వెనకాల వంటింటి సిలిండరే, 14.2 కిలోలది. అలా వాడటం నేరమని తెలుసు. అడిగినవాళ్ళకి మాత్రం 'పొల్యూషన్ ఉండదండీ' అని గొప్పగా చెప్పేవాణ్ణి. సిలిండర్ వ్యాన్లోకి పోతే మీ అత్త కిరసనాయిల్ స్టవ్ మీద వండేది. వ్యాను పొగ మా వంటింట్లోకి మారింది, అంతే. ఆమె దగ్గితే కిటికీ తియ్యమనేవాణ్ణి. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ మేలో తెనాలిలో పెళ్ళి. పెద్దవాళ్ళంతా ముందురోజే రైల్లో వెళ్ళారు. నలుగురు పిల్లల్ని నేను వ్యాన్లో తీసుకొస్తానన్నాను. నీకు ఐదేళ్ళు, వెనక సీట్లో కూర్చున్నావు. నారాకోడూరు దాటాక 'మావయ్యా, కుళ్ళిన గుడ్డు వాసన' అన్నావు. కదలకుండా కూర్చోమని కసిరాను. కాసేపటికి ముక్కు మూసుకుని మళ్ళీ అన్నావు. అప్పుడు నాకూ తగిలింది. గ్యాసుకి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని కలిపే కంపు అది. గాలికన్నా బరువు కాబట్టి కిందకే దిగుతుంది. మీ కాళ్ళ దగ్గరికే చేరి ఉంటుంది.

బండి ఆపి మిమ్మల్ని దింపి చేలగట్టు మీదకి పరిగెత్తించాను. సైకిలు మీద పోతున్న ఒకాయన దిగి 'ఏమైంది బాబూ' అంటూ చెవి మీది బీడీ తీసి, రొండిలోంచి అగ్గిపెట్టె తీశాడు. నా అరుపుకి అగ్గిపెట్టె ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాత రెగ్యులేటర్ కట్టేసి చూస్తే, స్టవ్వుకి వాడే మామూలు రబ్బరు ట్యూబు, క్లిప్పు దగ్గర గోరుతో గీసినంత పగులు. వేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. 'అందరూ ఇదే వేయించుకుంటున్నారు మాష్టారూ' అన్నాడు మెకానిక్. ఆ మాటతో ఊరుకున్నాను.

మొన్న నువ్వూ అదే అన్నావు, పక్క ఫ్లాటు వాళ్ళు అలాగే పెట్టుకుంటున్నారని.

మిక్సీ ఐదు నిమిషాలు తిరిగి ఆగుతుంది. కారు అలా కాదు, మామూలు చార్జరైతే 3 కిలోవాట్ల పైన, రాత్రంతా లాగుతుంది. గీజరు ఎనిమిది గంటలు ఆపకుండా వేసి ఉంచుతామా? ఎక్స్‌టెన్షన్ బాక్సు లోపలి రేకులు ఆ వేడికి తట్టుకోవు. బాల్కనీ అంచు మీద వైరు తోలు ఒరుసుకుపోతుంది, పైన వాన. మీటరు నుంచి విడిగా లైను లాగించు. మంచి రాగి వైరు వేయించు, లోడు ఎక్కువైతే కట్టేసే ఎంసీబీ, కరెంటు లీకైతే కట్టేసే ఆర్‌సీసీబీ దానికి విడిగా పెట్టించు. ఎర్తింగ్ ఉందని నోటిమాటగా చెప్తే ఒప్పుకోకు, టెస్టింగ్ మీటరు పెట్టి చూపించమను. మొదటి రోజు అరగంటయ్యాక సాకెట్ పక్కన గోడ మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే ఆపెయ్. అసోసియేషన్ ఒప్పుకునేదాకా బయట చార్జింగ్ స్టేషన్లో పెట్టుకోండి. రేటు ఎక్కువే, ఆ తేడా నేనిస్తాను. నవ్వకు, నిజంగానే ఇస్తాను.

ఎలక్ట్రీషియన్ వచ్చే రోజు చెప్పు. పొద్దున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగుతాను. పని జరుగుతుంటే పక్కన నిలబడతాను, అతనికి విసుగొచ్చినా సరే.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. ఆ రోజు మనం పెళ్ళికి బస్సులో ఎందుకొచ్చామంటే వ్యాను రేడియేటర్ లీకైందని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది.

మీ మావయ్య
గుంటూరు