ఇంటి వైపు వాలిన వాకిట్లో వాననీళ్లు: జాలీ కాలువ ఒక్కటే సరిపోతుందా?

రోడ్డు ఎత్తు, ఇల్లు పల్లం, గేటు నుంచి గడప దాకా పేవర్ బ్లాకులు. గడప ముందు అడ్డంగా జాలీ కాలువ, అంటే పైన జాలీ మూత ఉన్న సన్న కాలువ, పెడితే నీళ్లు ఆగుతాయా అని ఒకరు అడిగారు. ఆగుతాయి. అయితే కాలువలో పడ్డ నీళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోతాయో ముందు తేల్చుకోండి. దారి లేని కాలువ పావుగంట వానకే నిండిపోతుంది. మా ఇల్లూ ఇలాంటిదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేస్త్రిని పిలిచే ముందు, గట్టి వానలో గొడుగు వేసుకుని ఒకసారి గేటు దగ్గర నిలబడండి. మా ఇంటి దగ్గర అలా చూస్తే అసలు సంగతి తెలిసింది. రోడ్డు మీది నీళ్లు గేటు కింద నుంచి పలచగా, వెడల్పుగా లోపలికి జారుతున్నాయి. డాబా మీది పైపు నేరుగా బ్లాకుల మీదే పోస్తోంది. వాకిట్లో పడే వాన కంటే ఈ రెండూ కలిసి ఎక్కువ. గేటు దగ్గర కారు తేలిగ్గా ఎక్కి దిగేలా చిన్న గట్టు పోయించి, పైపును పక్క పెరట్లోకి మళ్లించాం. కాలువ తవ్వకముందే గడప దగ్గర నీళ్లు సగానికి పైగా తగ్గాయి.

లెక్క తేలికే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 3 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న వాకిట్లో గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1500 లీటర్లు, అంటే నిమిషానికి 25. సరైన వాలు ఉంటే, కాలువ నుంచి నీళ్లను బయటికి తీసుకెళ్లే 4 అంగుళాల పైపుకి ఇది లెక్కలోకే రాదు. దాన్ని దెబ్బతీసేది ఇసుక, ఎండుటాకులు. అందుకే కాలువ చివర చిన్న గుంట కట్టించి, దాని అడుగు పైపు నోటికంటే జానెడు కిందకు ఉండేలా చూడండి. మట్టి అక్కడే దిగుతుంది, చేత్తో తీసేయొచ్చు.

కాలువను గోడకు ఆనించొద్దు. వీలైతే మీటరు, మీటరున్నర దూరంలో పెట్టించి, గోడ నుంచి కాలువ వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల ఎదురు వాలు వచ్చేలా అక్కడి బ్లాకులు తీసి మళ్లీ పరిపించండి. కాలువ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉండాలి. బెత్తెడు వదిలినా నీళ్లు అక్కడి నుంచే చుట్టి వచ్చేస్తాయి. జాలీ పైభాగం బ్లాకుల కంటే 3 నుంచి 5 మిల్లీమీటర్లు కిందకు ఉండాలి, పైకి ఉంటే నీళ్లు దాన్ని తగిలి పక్కకు పోతాయి. కారు తిరుగుతుంది కాబట్టి బరువు మోసే ఇనప జాలీ, రెండు పక్కలా కాంక్రీటు తప్పనిసరి.

ఇక నీళ్లు పోయే చోటు. పెరట్లో గానీ వీధి కాలువలో గానీ పల్లం ఉందేమో లెవెల్ ట్యూబుతో (మేస్త్రీలు ఎత్తుపల్లాలు చూసే, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) చూడాలి, కంటి అంచనా నమ్మొద్దు. లేకపోతే ఇంకుడు గుంత, అదీ పునాదికి కనీసం 5 మీటర్ల దూరంలో. ముందుగా చిన్న గొయ్యి తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నిలిచే ఉంటే అది బంకమట్టి, అక్కడ ఇంకుడు గుంత దండగ. అప్పుడిక సంపు, మోటారే గతి. కానీ గాలివానలో కరెంటు పోతుంది కాబట్టి దాన్ని ఆఖరికే వదిలేయండి. సెప్టిక్ ట్యాంకు లైనులో మాత్రం కలపకండి, ఉప్పొంగితే మురుగు ఇంట్లోకి వస్తుంది.

కొందరు గడప ఎత్తు పెంచేస్తే చాలంటారు. లోపలికి రావడం ఆగుతుంది గానీ, గోడ పాదం నానుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు లోపలి ప్లాస్టరు ఉబ్బుతుంది. బయటి నేల ఇంటి ఫ్లోరుకు 15 సెంటీమీటర్లయినా కిందకు ఉండటం మంచిది.

పనంతా అయ్యాక, మేస్త్రికి చివరి డబ్బులు ఇవ్వకముందే గేటు దగ్గర పైపు పెట్టి నీళ్లు ధారాళంగా వదలండి. ఎక్కడ మడుగు కట్టినా సున్నంతో గుర్తు పెట్టి, ఆ బ్లాకులు అప్పుడే సరిచేయించుకోండి.