ఫేస్‌లిఫ్ట్ త్రీ సిరీస్: రోజుకు 8 కిలోమీటర్లకు ఏ ఇంజిన్?

రోజూ ఊళ్లో 8 కిలోమీటర్లు, నెలకోసారి హైవే. 2022 ఫేస్‌లిఫ్ట్ బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌లో డీజిల్ 320డీ మేలా, పెట్రోల్ 320ఐ మేలా అని అడిగారు. మీ వాడకానికి 320ఐ.

కాగితం మీద డీజిలే గొప్పగా కనిపిస్తుంది. యూరప్ లెక్కల్లో దానికి 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. 320ఐకి 184, 300. చిక్కంతా డీపీఎఫ్‌తోనే, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌తో. అందులో పేరుకున్న మసి కాలాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి కొన్ని నిమిషాలపాటు నిలవాలి. మీ ప్రయాణం ఆయిల్ సరిగా వేడెక్కేలోపే అయిపోతుంది. మసిని కాల్చే ఈ పని (రీజనరేషన్) మధ్యలో ఆగిపోతుంటే, దానికోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడుతుంది, లెవెల్ పెరుగుతుంది. పెరిగిందని సంతోషించకండి, వెంటనే మార్పించండి.

డీజిల్‌కు 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కు సాయపడే చిన్న ఎలక్ట్రిక్ మోటార్) ఉందిగా అంటారేమో. అది స్టార్ట్-స్టాప్‌ను మృదువు చేస్తుంది, ఇంధనం కాస్త ఆదా చేస్తుంది. మసి సంగతి దానికి పట్టదు.

ఇంట్లో చార్జింగ్ కుదిరితే మాత్రం ప్లగ్‌లో పెట్టి చార్జ్ చేసుకునే హైబ్రిడ్ 330ఈ చూడండి. మీ 8 కిలోమీటర్లు కరెంటు మీదే గడిచిపోతాయి, కాకపోతే డిక్కీ 480 నుంచి 375 లీటర్లకు తగ్గుతుంది. 245 హార్స్‌పవర్ల పెట్రోల్ 330ఐ ఈ దూరానికి దండగే.

పెట్రోల్ తీసుకున్నా కిలోమీటర్లు తిరగలేదని ఆయిల్ వదిలేయకండి, ఏడాదికోసారి మార్చాల్సిందే.