సిండ్రెల్లా వీడియోలే కెరీర్ అంటున్నాడు, కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ, ఈమధ్యే సెకండియర్‌లోకి వచ్చాడు. ఏడాదిగా సిండ్రెల్లా, స్నో వైట్ లాంటి కథలను తెలుగులో చిన్న యానిమేషన్ వీడియోలుగా చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాడు. గొంతు వాళ్ల చెల్లెలిది. ఇంజినీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది కోర్సుకు రెండున్నర లక్షలు అడుగుతున్నారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. మావారేమో "ఆ బొమ్మలాటలకు లక్షలా?" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వీడియోల లింకులు పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు ఫీజు సంగతి. ఇప్పుడే కట్టకండి. గ్యారంటీ అన్నవాళ్లను ఏ స్టూడియోలో, ఏ పనికి, ఎంత జీతానికో కాగితం మీద రాసివ్వమనండి. అక్కడే సగం తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ నేర్పుతాం అంటే, బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్ మూడూ ఉచితమే. ఇంట్లో కూర్చుని ఇన్ని వీడియోలు చేసిన పిల్లాడికి మెనూలు చూపించడానికి రెండున్నర లక్షలు అక్కర్లేదు.

అలాగని మీవారి మాటా పూర్తిగా ఒప్పుకోను. తక్కువ ఖర్చుతో చేసే యానిమేషన్ చిల్లర పనేం కాదు. సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. పది నిమిషాల కథకు 7,200. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అందుకే తల, చేతులు, కనురెప్పలు, పెదవులు విడివిడిగా ఒక్కసారే గీసి, కీళ్ల దగ్గర కలిపి కంప్యూటర్‌లో కదిలిస్తారు. దీన్ని కటౌట్ యానిమేషన్ అంటారు, ఆ కీళ్లు బిగించే పని రిగ్గింగ్. మన తోలుబొమ్మలు ఆడేదీ ఈ కీళ్ల మీదే. జర్మనీకి చెందిన లోటె రైనిగర్ అట్టముక్కలు కత్తిరించి, కీళ్లకు తీగ చుట్టి 1926లోనే పూర్తి నిడివి సినిమా తీశారు. 1950ల్లో బ్రిటన్‌లో సిండ్రెల్లాతో సహా ఎన్నో కథలను అదే పద్ధతిలో చిన్న చిత్రాలుగా చేశారు.

డబ్బు తక్కువ ఉన్నప్పుడు కదలికను ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియాలి. సవతి తల్లి తిట్లు, ఇంటి చాకిరీ కదలని బొమ్మల మీద కెమెరా జరుపుతూ గొంతుతో చెప్పేయొచ్చు. పన్నెండు కొట్టగానే సిండ్రెల్లా మెట్లు దిగి పరుగెత్తడం మాత్రం గీయాల్సిందే. మీవాడి వీడియోలో ఇది తిరగబడింది. మొదటి నిమిషమంతా కళ్లార్పడం, చేతులూపడం. తీరా పరుగు దగ్గరకొచ్చేసరికి బొమ్మ కాళ్లు కదలకుండానే పక్కకు జారిపోయింది. దీనికి మందు కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, స్టోరీబోర్డ్. అంటే కథను ముందే వరుస బొమ్మలుగా కాగితం మీద వేసుకోవడం. చెల్లెలి గొంతు మాత్రం చాలా బాగుంది, ఆ మాట ఆ పాపకు చెప్పండి.

ఇంకోటి కూడా కంటపడింది, ఇది వెంటనే సరిచేయాలి. స్నో వైట్ గౌను, మరుగుజ్జుల పేర్లు డిస్నీవే వాడాడు. ఫ్రెంచి రచయిత పెరో 1697లో, జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన కథలను ఎవరైనా వాడుకోవచ్చు. 1937 నాటి డిస్నీ సినిమాలోని రూపాలు, పేర్లు అలా కాదు. గ్రిమ్ కథలో మరుగుజ్జులకు అసలు పేర్లే లేవు. ముద్దుతో మేలుకోవడమూ లేదు. స్నో వైట్‌ను ఉంచిన పేటిక మోసేవాళ్లు తడబడితే ఆ కుదుపుకు గొంతులో ఇరుక్కున్న ఆపిల్ ముక్క బయటపడుతుంది. నన్నడిగితే పిల్లలు దీనికే ఎక్కువ నవ్వుతారు, గీయడమూ తేలిక. సిండ్రెల్లా గాజు చెప్పు పెరోది, గ్రిమ్ రాసింది బంగారు చెప్పు. ఇలా మూలకథకు వెళితే కాపీ గొడవా ఉండదు, మీవాడి వీడియోకు తనదైన ముఖమూ వస్తుంది. తెలుగు పుస్తకంలోని అనువాదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చదివించకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి, అనువాదకుడికీ అంతే. అమెరికాలో గుడ్‌టైమ్స్ అనే కంపెనీ ఇలాంటి కథలనే చవక వీడియో క్యాసెట్లుగా అమ్మేది. 1993లో డిస్నీ దాని మీద కోర్టుకెక్కింది. తగాదా కథ గురించి కాదు, కవర్లు తమవాటిలా కనిపిస్తున్నాయని.

ఇక చదువు. ఇన్‌స్టిట్యూట్ కంటే డిగ్రీ మేలని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ప్రవేశ పరీక్ష పేరు ఫాడీ. జాతీయ డిజైన్ సంస్థలైన ఎన్ఐడీల్లో బీడెస్ (డిజైన్ డిగ్రీ)కు డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, మన విజయవాడ ప్రాంతంలోనూ ఎన్ఐడీ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడెస్‌కు యూసీడ్ అనే పరీక్ష. వీటిలో చేయి తిరిగిన డ్రాయింగ్, ఆలోచన చూస్తారు. డాట్, యూసీడ్ దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు చాలా ముందే ముగుస్తాయి, ఎంతోమంది పిల్లలు అక్కడే జారిపోతారు. ఇప్పటినుంచే వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

ఉద్యోగాల గురించి తీపి మాటలు చెప్పను. 2008లో టీవీలోకొచ్చిన ఛోటా భీమ్ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ చేసిందే, కాబట్టి పని మన దగ్గర ఉంది. కానీ అప్పట్లో హైదరాబాద్‌లో శాఖ ఉన్న గ్రాఫిక్స్ స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్ 2013లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2025లో టెక్నికలర్ అనే గ్రాఫిక్స్ కంపెనీ కుప్పకూలితే బెంగళూరులో చాలామంది రోడ్డున పడ్డారు. ఏఐ వల్ల బ్యాక్‌గ్రౌండ్లు, రంగులు నింపే పనికి గిరాకీ తగ్గుతుందనే నా అంచనా. స్టోరీబోర్డ్ వేయగలిగినవాడు అటు సినిమాకూ ఇటు ప్రకటనలకూ పనికొస్తాడు. ఛానెల్ ఒక్కదాని మీదే బతుకు పెట్టుకోవద్దు. పిల్లల సమాచారం సేకరించారని 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ యూట్యూబ్‌కు 17 కోట్ల డాలర్ల జరిమానా వేశాక, 2020 జనవరి నుంచి పిల్లల వీడియోలకు చూసేవాళ్ల అలవాట్లను బట్టి వేసే ప్రకటనలు, కామెంట్లు ఆపేశారు. మామూలుగా వ్యూస్ ఎన్ని వచ్చినా వీటికి డబ్బు తక్కువే.

ఇప్పటికి మీవాడికి ఒక్క పని అప్పగించండి. గ్రిమ్ కథ ఒకటి తీసుకుని, రెండు నిమిషాలకు సరిపడా స్టోరీబోర్డ్ పెన్సిల్‌తో గీయమనండి. మాటలేవీ రాయకూడదు. దాన్ని మీవారి ముందు పెట్టి, కథ ఏంటో ఆయన్నే చెప్పమనండి. ఆయన ఎక్కడ ఆగిపోతే ఆ బొమ్మను వాడు మళ్లీ గీయాలి.