కొల్లేటి లెక్కకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఈ జనవరిలో కొల్లేటి పక్షుల లెక్కకు ఒక జట్టును నీ చేతికి అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. మొన్న ఫోనులో నువ్వు అడిగిన మాట మాత్రం మనసులో తిరుగుతూనే ఉంది. "గట్టు మీద నిలబడి మనం బాతుల్ని లెక్కపెడితే దేశాల మధ్య ఒప్పందాలకు ఒరిగేదేముంది మామయ్యా?" అన్నావు. ఆ ఒప్పందాలు నిలబడేది నీ నోటు పుస్తకం మీదేనమ్మా.

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. ఒక చెరువుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉందని చెప్పడానికి అందులో పెట్టుకున్న కొలతల్లో రెండు పక్షులకు సంబంధించినవి. ఏటా ఇరవై వేల నీటిపక్షులైనా అక్కడ చేరాలి, లేదా ఒక జాతి పక్షుల మొత్తం సంఖ్యలో నూటికి ఒక వంతైనా అక్కడ బతకాలి. కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. నూటికి ఒక వంతు ఎంతో తేలాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి కదా. అందుకే నువ్వు దోనెలో ఉన్న రోజుల్లోనే పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో, శ్రీలంకలో నీలాంటివాళ్ళు ఏదో ఒక నీటి ఒడ్డున నిలబడి ఉంటారు. ఐరోపాలో 1967లో మొదలైన ఈ లెక్క మన ఉపఖండానికి 1987లో వచ్చింది. జనవరినే ఎంచుకోవడానికి కారణముంది. అప్పటికి వలస పక్షులు చేరవలసిన చోటికి చేరి కుదురుకుంటాయి. ప్రయాణం మధ్యలో లెక్కపెడితే ఒకే పక్షి రెండు చోట్ల లెక్కకు వస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నేను లెక్కకు వెళ్ళిన తొలి ఏళ్ళలో ఒక ఉదయం మంచు కమ్మేసింది. కిక్కిస గడ్డి వెనక బాతుల రొద వినిపిస్తోందే తప్ప పక్షులు కనబడలేదు. ఎండ వచ్చేదాకా ఆగకుండా, శబ్దాన్ని బట్టి మూడు వేలని రాసేశాను. మరుసటి ఏడు అదే చోట మరో జట్టు ఓపికగా లెక్కపెడితే తొమ్మిది వందలు తేలాయి. కాగితం మీద చూసినవాళ్ళకు ఏడాదిలో మూడింట రెండు వంతులకు పైగా పక్షులు మాయమైనట్టే. అవి మాయం కాలేదు, అసలు అన్ని లేవు. ఆ అంకె నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే కనబడనిది రాయవద్దు. మంచు ఉంటే మంచు ఉందని రాయి, రెండు గంటలు ఆగి మళ్ళీ చూడు.

పెద్ద గుంపును చూసి కంగారు పడవద్దు. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకో. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టు. ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంట్లో నిలుపుకొని, అలాంటి ముక్కలు వంద దాకా పెంచుకుంటూ, వందలతో గుంపంతా కొలువు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఆ తరువాతే అంకెలు పోల్చుకోండి. పిన్‌టెయిల్ బాతో, గార్గనీ బాతో తేలకపోతే "బాతు, జాతి తెలియదు" అని రాయడంలో చిన్నతనం లేదు. నిరుడు పక్షులున్న మడుగులో ఈసారి ఒక్కటీ లేకపోతే అక్కడ సున్నా వేయడం మరవవద్దు. ఆ గడి ఖాళీగా వదిలితే నువ్వు అక్కడికి వెళ్ళనే లేదనుకుంటారు.

ఊళ్ళో అందరూ "సైబీరియా పక్షులు" అంటారు. కొల్లేటి ఆటపాకలో గూళ్ళు కట్టే గూడబాతులనూ (పెలికాన్లనూ) అలాగే అంటారు. అవి మన దక్షిణాసియా పక్షులే. నిజంగా ఉత్తరం నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి వేరు. ఈ తేడా చెప్పేటప్పుడు ఎవరినీ తక్కువ చేసినట్టు మాట్లాడకు. దోనె నడిపేవాళ్ళకు మన పుస్తకాల పేర్లు తెలియకపోవచ్చు కానీ, ఏ పక్షి ఏ నెలలో ఏ మడుగులో దిగుతుందో మనకంటే బాగా తెలుసు. చేపల చెరువుల యజమానుల దగ్గర టీ తాగి, వాళ్ళ మాట కూడా విను. పక్షుల్ని తోలడానికి టపాకాయలు కాల్చే మనిషికి పక్షుల మీద పగ లేదు, చేపల మీద పెట్టిన అప్పు ఉంది. అక్కడ ఉపన్యాసం ఇవ్వకు.

చనిపోయిన పక్షులు ఒకే చోట ఎక్కువగా కనబడితే ముట్టుకోవద్దు, ఎవరినీ ముట్టుకోనివ్వవద్దు. చోటు, సంఖ్య, జాతి రాసుకొని అదే పూట అటవీ శాఖకు, పశువైద్యులకు చెప్పు. 2019లో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో బాట్యులిజం అనే విషవ్యాధి వల్ల వేల పక్షులు చనిపోయాయి. అలాంటప్పుడు ఒక్కో రోజూ విలువైనదే. బతికున్న పక్షి కాలికి ఉంగరమో, రంగు పట్టీయో ఉంటే దాని మీది అక్షరాలు, రంగుల వరుస దుర్భిణిలో చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. దాన్ని తొడిగిన మనిషి ఏ దేశంలోనో ఆ కబురు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

సైబీరియా కొంగల సంగతి నీకు తెలిసే ఉంటుంది. వాటి కోసం 1993లో దేశాలు ఒప్పందం రాసుకునేసరికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. 2002 తరువాత అక్కడికి ఒక్కటీ రాలేదు. దారిలో వేట, ఎండిన మడుగులు, యుద్ధాలు, వీటిలో ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆపగలిగింది లేదు. మన దగ్గరికి పక్షులు వచ్చిపోయే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు, అందులో ముప్ఫై దేశాలున్నాయి. 2024లో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్‌లో కూర్చుని ఈ దారి కోసం కలిసి పని చేద్దామని అనుకున్నాయి, ఆ పనిని సమన్వయం చేసే బాధ్యత భారతదేశం తీసుకుంది. మళ్ళీ ఆలస్యం కాకూడదన్నదే నా ఆరాటం. పక్షులు తగ్గుతున్నప్పుడే ఆ తగ్గుదల అంకెల్లో కనబడాలి.

వెళ్ళేముందు రోజు దోనెవాడితో మరోసారి మాట్లాడు. తెల్లవారుజామున చలి ఎక్కువ, చెవులకు గుడ్డ కట్టుకో. పెన్సిలే పట్టుకెళ్ళు, తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది. నా పాత దుర్భిణి తుడిచి పెట్టాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళు.

ఆశీస్సులతో,
మీ మామయ్య