ఉచిత సైటులో పిలవని ప్రకటనలు: అభ్యంతరం ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం ఒక ఉచిత సర్వీసులో సొంత సైటు తెరిచి, కాలం చేసిన మా అమ్మ జ్ఞాపకాలు రాసుకుంటున్నాను. ఏ ప్రకటనలూ పెట్టుకోలేదు. మొన్న ఒక బంధువు తన ఫోనులో ఆ పేజీ చూపిస్తే, అమ్మ ఫోటో కిందే ఆన్‌లైన్ జూదం ప్రకటన ఉంది. నా అనుమతి లేకుండా ఇలా వేయవచ్చా? ఆ డబ్బులో నాకు వాటా ఉంటుందా? దాన్ని నమ్మి ఎవరైనా నష్టపోతే నా మీదికి వస్తుందా?

జవాబు: అమ్మగారి ఫోటో కింద అలాంటిది కనబడితే మనసు ఎంత నొచ్చుకుంటుందో నాకు తెలుసు. అయితే ముందు ఆ ప్రకటన ఎవరు వేశారో తేలాలి, నా జవాబు దాన్ని బట్టే మారుతుంది. సైటుకు చోటిచ్చిన సర్వీసే వేసి ఉండవచ్చు. మీరెప్పుడో తగిలించుకున్న విజిటర్ కౌంటరో, బయటినుంచి తెచ్చుకున్న థీమో (సైటు రూపురేఖలను మార్చే అచ్చు) వెంటబెట్టుకొచ్చి ఉండవచ్చు. లేదా మీ బంధువు బ్రౌజర్‌లో అదనంగా చేరిన చిన్న ప్రోగ్రాం, అంటే ఎక్స్‌టెన్షన్, పని కావచ్చు. లాగిన్ అయిన యజమానికి చూపకుండా బయటి పాఠకులకు మాత్రమే ప్రకటనలు చూపే పద్ధతి కూడా ఉంది కనుక, ఇన్నాళ్లూ మీ కంటబడలేదంటే అవి లేవని అర్థం కాదు. లాగౌట్ అయి, ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఇన్‌కాగ్నిటో విండోలో అదే పేజీ తెరిచి చూడండి. కనిపించిన ప్రతిసారీ పేజీ చిరునామా, తేదీ, సమయం తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి. పేజీ తెరిచిన ప్రతిసారీ ప్రకటన మారిపోవచ్చు కాబట్టి రేపు రుజువు చూపమంటే అదొక్కటే మీ చేతిలో ఉంటుంది.

సర్వీసే వేసిందని తేలితే, ఖాతా తెరిచిన రోజున ‘నిబంధనలకు అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో మీరు పెట్టిన టిక్కు దగ్గరికే వెళ్లాలి. చాలా దేశాల న్యాయస్థానాలు దాన్ని సంతకంలాగే చూస్తాయి, చదవలేదన్న వాదన సాధారణంగా నిలవదు. వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ప్లానులో ప్రకటనలు వస్తాయన్నది ఆ సర్వీసు బాహాటంగా చెప్పే షరతే. ప్రకటనల ఆదాయంలో వాటా ఇచ్చే భాగస్వామ్య పథకంలో లేని చానళ్ల వీడియోల మీద కూడా ప్రకటనలు వేసుకునే హక్కును యూట్యూబ్ 2020 నవంబరులో అమెరికాలోనూ, 2021 జూన్ నుంచి తక్కిన దేశాల్లోనూ తన నిబంధనల్లో రాసుకుంది, ఆ చానళ్లకు వాటా మాత్రం లేదు. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: ఒప్పందంలో వాటా రాసి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు.

మీరు చేరిన నాటి నిబంధనల్లో ప్రకటనల ఊసే లేక, తర్వాత చేర్చారని తేలితే మాత్రం మీ పక్షాన గట్టి వాదన ఉంది. స్పెక్ట్ అనే వ్యక్తికీ, బ్రౌజర్ తయారుచేసిన నెట్‌స్కేప్ సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, డౌన్‌లోడ్ బటన్‌కు దిగువన, తెర కిందికి జరిపితే తప్ప కనబడని నిబంధనలు వినియోగదారులను కట్టడి చేయవని అమెరికా అప్పీలు కోర్టు 2002లో తేల్చింది. కబురు పెట్టకుండా వెబ్‌సైట్లో మార్చి పెట్టిన నిబంధనలకు ఖాతాదారుడు కట్టుబడనక్కరలేదని అక్కడే మరో అప్పీలు కోర్టు 2007లో చెప్పింది. ఈ తీర్పులు మీ దేశపు కోర్టుకు శిరోధార్యం కావు గానీ, వాటి వెనకనున్న సూత్రం ఒప్పంద చట్టానికి పునాది వంటిది: తెలియనిదానికి సమ్మతి ఉండదు. అందుచేత ‘నిబంధనలు మారాయి’ అంటూ వచ్చిన మెయిళ్లేమైనా ఉన్నాయేమో పాత మెయిల్‌లో, స్పామ్ ఫోల్డర్‌తో సహా, వెతకండి. మీరు చేరిన రోజుల నాటి నిబంధనల పేజీ వెబ్ పేజీల పాత నకళ్లను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికే అవకాశం ఉంది.

రచనలు, మీరే తీసిన ఫోటోలు మీవే. చోటిచ్చినందుకు సర్వీసుకు దక్కేది చూపించుకునే అనుమతి మాత్రమే. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒడంబడికలో 1928లో చేర్చిన నిబంధన, రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కునిస్తుంది. పేజీ అంచున పడిన ప్రకటనకు ఇది వర్తిస్తుందని ఒప్పించడం కష్టమని నా అభిప్రాయం. కానీ మీ వాక్యంలోని మాటనే లింకుగా మార్చినా, పేరా మధ్యలో ప్రకటన అని రాయకుండా జొప్పించినా, పాఠకుడు అది మీరు రాసిందనో, మీరు సిఫారసు చేస్తున్నారనో పొరబడతాడు. అలాంటి స్క్రీన్‌షాట్ ఒక్కటి దొరికినా ఫిర్యాదును దాని మీదే నిలబెట్టండి.

ప్రకటనను మీరు ఎంచుకోలేదు, దానివల్ల మీకు పైసా రాలేదు గనుక, నమ్మి నష్టపోయినవారికి మీరు జవాబుదారీ కావడం సాధారణంగా జరగదు. ప్రకటన వచ్చింది విజిటర్ కౌంటర్ లాంటి, మీరు తగిలించిన విడ్జెట్టు నుంచైతే ఇంత ధీమాగా చెప్పలేను. ఒక దుస్తుల అమ్మకపు సైటు ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టుకున్నందుకు, ఆ బటన్ ద్వారా పాఠకుల వివరాలు సేకరించి పంపడంలో సైటు యజమానికీ ఉమ్మడి బాధ్యత ఉందని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 జులైలో తీర్పు చెప్పింది. అవసరం లేని విడ్జెట్లను ఈరోజే తీసేయండి. ‘ఇక్కడ కనబడే ప్రకటనలు నేను ఎంచుకున్నవి కావు, వాటి ఆదాయం నాకు చెందదు’ అన్న వాక్యాన్ని పేజీ పైభాగాన ఉంచండి.

సర్వీసుకు రాసే ఫిర్యాదులో ఆవేశం వద్దు. పేజీ చిరునామా, ప్రకటన కనిపించిన తేదీ, సమయం తెలిపి, జూదం ప్రకటనల గురించి వారి సొంత ప్రకటనల విధానం ఏమంటుందో ఎత్తి చూపి, ఆ తరహావి మీ సైటులో ఆపమని కోరండి. ఆపకపోతే డబ్బు కట్టే ప్లానో, మరో చోటో చూసుకోవాలి. కోర్టు ఖర్చుతో పోలిస్తే అదే తేలిక. తొందరపడి పాత ఖాతాను తొలగించకండి. సైటును తరలించడానికి ఎక్స్‌పోర్ట్ చేసుకున్న ఫైలులో చాలాసార్లు రాతలు మాత్రమే ఉంటాయి, ఫోటోలకు బదులు వాటి చిరునామాలే ఉంటాయి. అమ్మగారి ఫోటోలన్నీ విడిగా డౌన్‌లోడ్ చేసి, ఒక్కొక్కటీ తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఆ ఖాతా మూసివేయండి.